సబ్జెక్ట్ డిక్షనరీ కొనేముందు ‘కిలోగ్రామ్’ దగ్గర తెరిచి చూడండి

ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఎకనామిక్స్ అంటూ సబ్జెక్టుకొకటి చొప్పున వచ్చే డిక్షనరీల్లో మన విద్యార్థులకు ఎక్కువగా తగిలేవి రెండు రకాలు: ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీలు, తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు. మొదటివి అర్థం వివరిస్తాయి, రెండోవి తెలుగు మాట చెబుతాయి. ఒకటి కొని రెండో పని చేయించుకుందామంటే కుదరదు. డిగ్రీ సైన్స్ చదివేవాళ్లు, పీజీ ఎంట్రన్సులు రాసేవాళ్లు తమ మెయిన్ సబ్జెక్టు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఒకటి కొనుక్కోవచ్చు. ఇంటర్ వాళ్లకు మాత్రం దండగ. అక్కడ మార్కులు పాఠ్యపుస్తకం నిర్వచనానికే పడతాయి.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఎడిషన్. కోఠిలో, ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో చవగ్గా వచ్చేవి చాలావరకు పాత ఎడిషన్లే. ఫిజిక్స్ డిక్షనరీ చేతికిస్తే నేరుగా ‘కిలోగ్రామ్’ తీయండి. పారిస్ దగ్గర సెవ్ర్‌లో భద్రపరిచిన ప్లాటినం–ఇరిడియం స్థూపం (సిలిండర్) ద్రవ్యరాశి అని రాసి అంతటితో ఆపేస్తే, అది 2019 మే 20కి ముందు మాట. ఆ రోజు నుంచి ప్లాంక్ స్థిరాంకానికి 6.62607015 × 10⁻³⁴ జౌల్ సెకన్ అని కచ్చితమైన విలువ ఖరారు చేసి, కిలోగ్రామును దాని ఆధారంగా నిర్వచిస్తున్నారు. ఆంపియర్, కెల్విన్, మోల్ నిర్వచనాలు కూడా అప్పుడే మారాయి. ఆంపియర్ దగ్గర రెండు సమాంతర తీగలు, మీటరుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం అని మాత్రమే ఉంటే అదీ పాతదే. ఆక్స్‌ఫర్డ్ ఫిజిక్స్ 8వ ఎడిషన్ వచ్చింది 2019లో.

కెమిస్ట్రీ డిక్షనరీకైతే ఆవర్తన పట్టిక చూస్తే చాలు. 113, 115, 117, 118 మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెన్నెస్సీన్, ఒగనెస్సాన్ అనే పేర్లు 2016 నవంబరులో ఖాయమయ్యాయి. పట్టికలో అవి లేకపోతే ముద్రణ ఎప్పటిదో తెలిసిపోతుంది. అంతమాత్రాన పాతది పారేయక్కర్లేదు. వ్యతికరణం, ఎంట్రోపీ, ద్రవాభిసరణం లాంటి వాటికి పదేళ్లనాటి పుస్తకం కూడా బాగానే పనికొస్తుంది. ప్రమాణాలు, మూలకాలు, జీవుల వర్గీకరణ విషయంలో మాత్రం దాన్ని నమ్మకండి, ధర కూడా అలాగే బేరమాడండి.

ఈ డిక్షనరీల అసలు బలం ఎంట్రీల మధ్య అల్లిక. వివరణలో ఏదైనా మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే, ఆ మాటకు వేరే ఎంట్రీ ఉందని అర్థం. అర్ధాయువు చదువుతుంటే క్షయం దగ్గరికి, అక్కణ్ణుంచి క్షయ స్థిరాంకం దగ్గరికి వెళ్లొచ్చు. అయితే రెండు నక్షత్రాలు దాటాక వెనక్కి రావడం మంచిది. ఆ తర్వాత సిలబస్ పొలిమేర దాటిపోతారు.

కొత్త పాఠాన్ని డిక్షనరీతో మొదలుపెట్టకూడదు. పాఠం అయ్యాక నిర్వచనాలు చూడకుండా రాసి, ఆ తర్వాత ఎంట్రీతో పోల్చుకోవాలి. జారిపోయేది దాదాపు ఎప్పుడూ షరతే. ఓమ్ నియమంలో ‘ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు’, బాయిల్ నియమంలో ‘నిర్ణీత ద్రవ్యరాశి గల వాయువు’, హుక్ నియమంలో ‘అనుపాత అవధి లోపల’. సూత్రం సరిగ్గా రాసి ఈ మూడు ముక్కలు వదిలేసేవాళ్లే ఎక్కువ.

సూత్రాలు ఎత్తి రాసుకునేటప్పుడు ఇంకో చిక్కుంది. ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమాన్నే తీసుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్‌లో పని అంటే వ్యవస్థ చేసిన పని, కాబట్టి అంతర్గత శక్తి మార్పు = ఉష్ణం − పని. కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగిన పని లెక్కకొస్తుంది, కాబట్టి అక్కడ ఉష్ణం + పని. రెండూ సరైనవే. డిక్షనరీ ఏ పద్ధతి పాటించిందో చూడకుండా ప్లస్, మైనస్ గుర్తు దింపుకుంటే లెక్క తలకిందులవుతుంది. కటకాల సూత్రం దగ్గరా ఇదే గొడవ: పాత బ్రిటిష్ పద్ధతిలో 1/ప్రతిబింబ దూరం, 1/వస్తు దూరం కూడతారు, మనం వాడే కార్టీజియన్ పద్ధతిలో తీసేస్తాం.

ఇక పారిభాషిక పదకోశాలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మనకు చేసిన పెద్ద మేళ్లలో ఇవొకటి. కాకపోతే ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగు మాట ఇచ్చేవే వీటిలో ఎక్కువ. జడత్వం, ద్రవ్యవేగం అని పేర్లు తెలుస్తాయి తప్ప రెంటికీ తేడా తెలియదు. గ్రూప్స్‌కు తెలుగులో రాసేవాళ్లకు మాత్రం బాగా అక్కరకొస్తాయి. పేపర్లలో ద్రవ్యలోటు (ఫిస్కల్ డెఫిసిట్) అని చదివేది అకాడమి పుస్తకాల్లో కోశలోటు. ద్రవ్య విధానం రిజర్వ్ బ్యాంకు చూసుకునేది, కోశ విధానం ప్రభుత్వం నడిపేది. ఈ గీత పదకోశంలో స్పష్టంగా ఉంటుంది, పేపర్లో చెరిగిపోతుంది. కొత్త మాటలు పాత ముద్రణల్లో వెతకొద్దు.

తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియానికి మారుతున్న పిల్లలకు వీటన్నిటికన్నా మంచి సాధనం ద్విభాషా పాఠ్యపుస్తకం. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. మాట వాక్యంలో ఎలా ఒదుగుతుందో కళ్లెదుటే కనబడుతుంది. నీట్ తెలుగులో రాసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్నదే తుది మాట అన్నది అక్కడి నియమం.

ఫోన్‌లో ఉచితంగా దొరికే సబ్జెక్ట్ డిక్షనరీ యాప్‌లలో సంపాదకుడెవరో, ఎడిషన్ ఏ ఏడాదిదో చెప్పనివాటిని పక్కన పెట్టేయండి. ఎకనామిక్స్ డిక్షనరీ కొనేవాళ్లకు ఒక మాట: వ్యాకోచత్వం, అవకాశ వ్యయం లాంటి సిద్ధాంతాల మాటలకు అది చాలు. ప్రభుత్వ లోటుకు హద్దులు పెట్టే 2003 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం లాంటి మన దేశపు సంగతులకు ఎకనామిక్ సర్వే, బడ్జెట్ పత్రాలే తిరగేయాలి.