టాపిక్ దగ్గరే నెల రోజులు: శ్రీకాకుళంలో మా అమ్మాయి వెళ్ళే ఇంగ్లీష్ ఎస్సే క్లాసు

శ్రీకాకుళంలో పిల్లలకి ఇంగ్లీష్ ఎస్సే రాయడం సరిగ్గా నేర్పే చోటు ఉందా అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ, స్కూలు పేరెంట్స్ గ్రూపులోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ఇంటి మేడ మీద, రిటైరయిన ఇంగ్లీష్ లెక్చరర్ ఒకాయన నడుపుతున్నారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సాయంత్రం బ్యాచ్‌కి వెళ్తోంది. మా అక్క కొడుకు ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకి అడిగే ఇంగ్లీష్ పరీక్ష) కోసం అదే మాస్టారి దగ్గర ఉదయం బ్యాచ్‌లో చదివాడు. రెండూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ఐదుకి నాలుగు వేస్తాను, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

ఇది స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు కాదు, ఆ ఆశతో వెళ్ళకండి. ఇక్కడ రాయడం ఒక్కటే నేర్పుతారు, అందులోనూ సగం టైము టాపిక్ మీదే పోతుంది. చేరిన మొదటి నెలలో పిల్లలు ఒక్క పూర్తి వ్యాసం కూడా రాయరు. చాలామంది తల్లిదండ్రులకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది, ఫీజు కట్టాం, నోట్సు తెరిస్తే గీతలూ ప్రశ్నలూ కొట్టివేతలూ తప్ప ఏమీ లేదేంటని. మా అమ్మాయితో చేరిన ఇద్దరు ముగ్గురు ఆ నెలలోనే మానేశారు కూడా. నాకు మాత్రం ఈ క్లాసులో అన్నిటికన్నా విలువైనది ఆ మొదటి నెలే అనిపించింది.

మన పిల్లలు ఎస్సేలు ఎలా రాస్తారో తెలిసిందే కదా. పొల్యూషన్, ఇంపార్టెన్స్ ఆఫ్ ట్రీస్, సైన్స్ వరమా శాపమా, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు. గైడులో ఉన్నది బట్టీ పడతారు, మొదటి వాక్యం క్లాసందరిదీ ఒకటే, చివరి వాక్యమూ ఒకటే. ఇంగ్లీష్ రాక అలా రాస్తారని మనం అనుకుంటాం, అందుకే గ్రామర్ ట్యూషన్‌కి పంపిస్తాం. అసలు సంగతి అది కాదు. పొల్యూషన్ అనే అంత పెద్ద విషయం మీద పద్నాలుగేళ్ళ పిల్లకి తనదంటూ చెప్పడానికి ఏముంటుంది? ఏమీ లేనప్పుడు గైడే దిక్కు. అందుకే ఈ మాస్టారు ముందు టాపిక్‌ని కుదించమంటారు, పిల్లకి నిజంగా తెలిసిన ఊరికో, మనిషికో, పనికో వచ్చేదాకా కుదించమంటారు. ఆ తర్వాత దాన్ని ఒక ప్రశ్నగా మార్చమంటారు. జవాబు ముందే తెలిసిపోయే ప్రశ్న అయితే ఒప్పుకోరు.

మా అమ్మాయి మొదటి వారం పట్టుకెళ్ళిన టాపిక్ తుపాన్లు. "ఏ తుపానమ్మా?" అని అడిగారట. టిట్లీ అని చెప్పింది. మా పుట్టిల్లు కవిటి దగ్గర, కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున టిట్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, అప్పుడు మా అమ్మాయి చిన్నపిల్ల, అమ్మమ్మ దగ్గరే ఉంది. "టిట్లీ గురించి పేపర్లో చూసి ఎవరైనా రాస్తారు, నీకేటి తెలుసు?" అని కాగితం మీద నిలువుగా రెండు గీతలు గీయించారు. మొదటి గడిలో నువ్వు కళ్ళారా చూసింది రాయి, రెండో గడిలో ఇంట్లో విన్నది రాయి, మూడో గడిలో ఇంకా వెతకాల్సింది రాయి అన్నారు. మొదటి గడిలో కరెంటు లేని రాత్రులు, పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్ల మీద నుంచి దూకుతూ ఆడుకోవడం రాసింది. రెండో గడిలో వాళ్ళ తాతయ్య మాట ఒకటి రాసింది, "జీడి మళ్ళీ లేస్తాది గానీ కొబ్బరి మన చేతిలో లేదు" అని ఆయన ఇప్పటికీ అంటుంటారు. మూడో గడిలో, కొబ్బరి మొక్క పెట్టాక కాపు ఎన్నేళ్ళకి వస్తుంది?

ఆ మూడో గడిలోంచే టాపిక్ బయటికొచ్చింది. పడిపోయిన కొబ్బరితోటని మళ్ళీ వేసుకున్న రైతు కాపు వచ్చేదాకా దేని మీద బతుకుతాడు? మనూళ్ళలో పెంచే పొడుగు రకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, పొట్టి రకం అయితే మూడు నాలుగేళ్ళు. ఈ లెక్క దొరికాక అది వాళ్ళ తాతయ్యకి ఫోన్ చేసి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. మొక్కల మధ్యలో అరటి, కూరగాయలు వేసుకున్నామని ఆయన చెప్పారు, పక్కింటి కుర్రాడు ఆ ఏడాదే పనికోసం హైదరాబాద్ వెళ్ళి ఇంక రాలేదని కూడా చెప్పారు. ఎస్సేకి కావలసిన సరుకంతా ఆ ఒక్క ఫోన్‌కాల్‌లో వచ్చేసింది. మా నాన్నకి కూడా ఆ రోజు ఎంత సంతోషమో, తన తోట గురించి మనవరాలు అంతసేపు అడగడం ఆయనకి అదే మొదటిసారి.

తర్వాత థీసిస్, అంటే వ్యాసం మొత్తం దేన్ని నిలబెట్టబోతోందో చెప్పే ఒక్క వాక్యం. సైక్లోన్లు చాలా ప్రమాదకరం అని రాసుకెళ్ళింది. మాస్టారు కొట్టేశారు. "కాదనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరూ కాదనని మాటకి రుజువెందుకు, రుజువే అక్కర్లేనప్పుడు రెండు పేజీలెందుకు?" ఈ ఒక్క ప్రశ్నతో ఎన్ని స్కూలు ఎస్సేలు రాలిపోతాయో ఆలోచించండి. చాలాసార్లు మార్చి మార్చి చివరికి ఇలా రాసింది: పరిహారం పడిపోయిన చెట్టుని లెక్కపెట్టి ఇస్తారు, కానీ రైతు నష్టపోయేది ఆ చెట్టు లేకుండా గడిచే ఏళ్ళన్నిటినీ, అందుకే ఆ ఏళ్ళకి కూడా ఏదో ఒక ఆసరా ఉండాలి. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి అంటారు. ఆ మాటకి కూడా వ్యాసంలో ఒక పేరా ఇచ్చి జవాబు చెప్పాలన్నారు. గైడులో ఉండే లాభాలు ఐదు, నష్టాలు ఐదు లెక్క కాదిది, ఎదుటివాడి వాదనలో బలమైనది తీసుకుని దానికి జవాబు వెతుక్కోవడం.

ఇంకో పిల్లాడి టాపిక్ కూడా చెప్పాలి, ఎందుకంటే ఈయన రుజువుల విషయంలో ఎంత గట్టిగా ఉంటారో దాంట్లో తెలుస్తుంది. టెక్కలి వైపు నుంచి వచ్చే అబ్బాయి, ఏటా పక్షులు వచ్చి గూళ్ళు కట్టే తేలినీలాపురం ఊరి పక్షుల మీద రాశాడు. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి అని మొదలుపెట్టాడు, మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే కదా. "ఎక్కడ చదివావు?" అని అడిగితే అందరూ అంటారు అన్నాడు. అక్కడికొచ్చే పక్షుల పేర్లు వెతికి రమ్మన్నారు. ముఖ్యంగా వచ్చేవి స్పాట్ బిల్డ్ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. రెండూ మన దక్షిణాసియా పక్షులే, మన దేశంలోనే గూళ్ళు కట్టి పిల్లల్ని పెడతాయి, సైబీరియాకి వాటికి సంబంధం లేదు. ఆ అబ్బాయి మొదటి పేరా మొత్తం పోయింది, కానీ దాని బదులు అసలైన ప్రశ్న దొరికింది, ఇంత పెద్ద పక్షులు అడవి వదిలేసి జనం ఉండే ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు ఎందుకు కట్టుకుంటాయి, ఊరివాళ్ళు ఎందుకు ఊరుకుంటారు అని. నేనైతే ఆ ఎస్సే చదవడానికి ఎదురుచూశాను. బాగా రాశాడు.

ఖద్దరుకి పేరున్న పొందూరు నుంచి వచ్చే అమ్మాయి అవర్ హ్యాండ్లూమ్ హెరిటేజ్ అని పెద్ద టాపిక్‌తో వచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వే పని ఇప్పుడు ఇంట్లో ఎవరు నేర్చుకుంటున్నారు అనే దగ్గర ఆగింది. అంతకు మించి చెప్పక్కర్లేదు, ఆ ఒక్క ప్రశ్న చాలు చదవాలనిపించడానికి.

టాపిక్ కుదిరాక పేరాలు. ఇక్కడ మాస్టారు పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పరు. పేరాకి ఒకే మాట, ఆ మాటకి ఒక ఉదాహరణ, ఆ ఉదాహరణ ఎందుకు తెచ్చావో చెప్పే వాక్యం. పిల్లలు మూడోది ఎప్పుడూ వదిలేస్తారు, ఉదాహరణ చెప్పేసి తర్వాతి పేరాకి వెళ్ళిపోతారు. అప్పుడు మాస్టారు పక్కన పెన్సిల్‌తో "అయితే ఏటి?" అని రాసి ఇస్తారు. మా అమ్మాయి మొదటి డ్రాఫ్ట్ నిండా అవే. ఇప్పుడు తనే రాసుకుంటూ మధ్యలో ఆగి, అయితే ఏటి అని పైకే అనుకుంటోంది. టైటిల్ చివర్లో పెట్టమంటారు, మొదటి పేరా కూడా మిగతావన్నీ రాశాక మళ్ళీ రాయమంటారు.

ఐఈఎల్‌టీఎస్ పిల్లల సంగతి వేరు. టాపిక్ ఎంచుకునే వీలు అక్కడ ఉండదు, ప్రశ్న వాళ్ళే ఇస్తారు. రైటింగ్‌లో ఎస్సే రాసే భాగం, టాస్క్ 2కి 40 నిమిషాలు, కనీసం 250 పదాలు. మా అక్క కొడుకు ఇంతకుముందు వేరే చోట కోచింగ్ తీసుకున్నాడు (ఎక్కడో చెప్పను), అక్కడ ఏ ప్రశ్నకైనా సరిపోయే టెంప్లేట్లు ఇచ్చి బట్టీ పట్టించారు, రైటింగ్‌లో బ్యాండ్, అంటే స్కోరు, కదల్లేదు. ఎగ్జామినర్లు చూసే నాలుగింట్లో మొదటిది టాస్క్ రెస్పాన్స్, అంటే అడిగినదానికి జవాబు చెప్పావా లేదా, అది మొత్తంలో పావు వంతు. టెంప్లేట్ అక్కడే దెబ్బకొడుతుంది. ఈయన దగ్గర మొదటి ఐదు నిమిషాలు పెన్ను కదపనివ్వరు. ప్రశ్నలో అడిగింది ఏమిటి, ఎంతవరకు ఒప్పుకుంటావు అన్నారా, కారణాలు చెప్పమన్నారా, రెండు వైపులా చర్చించమన్నారా, దాని కింద గీత గీసి, నీ పక్షం ఏదో ఒక వాక్యంలో రాసుకుని, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ఇచ్చిన పెద్ద టాపిక్ లోపల కూడా తనకి తెలిసిన చిన్న చోటు వెతుక్కోవచ్చని వాడికి ఇక్కడే అర్థమైంది. పట్నాలకి వలసలు అనే ప్రశ్న వస్తే మన జిల్లా కుర్రాడికి ఉదాహరణల కోసం వెతుక్కోవాలా, చెప్పండి. సివిల్స్ ఎస్సే పేపర్ రాసేవాళ్ళు కూడా ఒకరిద్దరు వస్తున్నారు. అది 250 మార్కులకి మూడు గంటల్లో రెండు వ్యాసాలు, దాని గురించి నాకు పెద్దగా తెలియదు కాబట్టి వదిలేస్తున్నాను.

చాట్‌జీపీటీ గురించి అందరూ అడుగుతారు. ఈయన వద్దనరు. నా థీసిస్‌ని ఎవరైనా ఎలా కాదనొచ్చో చెప్పు అని దాన్ని అడగొచ్చు, పేరా రాసిపెట్టమని అడగకూడదు. దొంగతనంగా రాయించుకొస్తే పట్టేస్తారు, ఆ గళ్ళ కాగితం చూపించమంటారు అంతే. తాతయ్య మాట ఏ యాప్‌లోనూ దొరకదు కదా.

ఇక తగ్గించిన మార్కు. గ్రామర్ దిద్దుబాటు సరిపోవడం లేదు. ఆలోచన బాగుంటే ఆర్టికల్స్, టెన్స్ తప్పులు చాలావరకు వదిలేస్తున్నారు, అవి తర్వాత చూద్దాం అంటారు, ఆ తర్వాత ఎప్పుడో తెలియడం లేదు. నేను రెండుసార్లు చెప్పాను, విన్నారు, పెద్దగా మారలేదు. గ్రామర్ బలహీనంగా ఉన్న పిల్లలైతే దానికి ఇంట్లోనో ఇంకోచోటో విడిగా చూసుకోవాలి. ఇంకొకటి, దిద్దిన పేపర్లు తిరిగి రావడానికి చాలా ఆలస్యమవుతుంది, ఒక్కరే మనిషి, అన్నీ చేత్తో దిద్దుతారు. ఎండాకాలంలో మేడ మీద గది వేడి, ఒకటే ఫ్యాన్. సాయంత్రం బ్యాచ్ ఎనిమిదికి వదులుతారు, ఆమదాలవలస వైపు వెళ్ళే ఆడపిల్లలకి అది ఇబ్బందే, వాళ్ళని ముందు వదలమని అడిగితే వదులుతున్నారు.

స్కూల్లో మార్కుల సంగతి కూడా చెప్పాలి, దాచిపెట్టడం మంచిది కాదు. ఇలా రాసిన ఎస్సేకి స్కూల్లో వెంటనే మార్కులు పెరగవు. మా అమ్మాయి యూనిట్ టెస్టులో సొంతంగా రాస్తే గైడు పాయింట్లు లేవని తగ్గించారు. చాలా బాధపడింది, నాకూ కోపం వచ్చింది. మాస్టారికి చెబితే, స్కూలు పరీక్షకి ఆ పాయింట్లు కూడా కలుపుకో తల్లీ, కానీ నీ వాక్యం మాత్రం తీసేయకు అన్నారు. ఇప్పుడు అలాగే రాస్తోంది, మార్కులు మామూలుగానే వస్తున్నాయి. వచ్చే నెల పరీక్షలో ర్యాంకు కావాలి అనుకునేవాళ్ళకి ఇది సరైన చోటు కాదు. రెండేళ్ళ తర్వాత కాలేజీలోనో, ఏ అప్లికేషన్‌లోనో తన మాట తను రాసుకోగలగాలి అనుకుంటే ఇంతకన్నా మంచిది నాకు మన ఊళ్ళో కనబడలేదు.

ఫీజు నెలకి పన్నెండు వందలు, ఐఈఎల్‌టీఎస్ వాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని తీసుకోరు. ఫోన్ రాత్రి తొమ్మిది తర్వాతే ఎత్తుతారు, మెసేజ్‌లకి జవాబు ఇవ్వరు, నేరుగా వెళ్ళడమే మేలు. చేరేముందు ఒకరోజు వెనక బెంచీలో కూర్చుని చూడనిస్తారు, దానికి డబ్బు తీసుకోరు. కుదిరితే టాపిక్‌లు పట్టుకొచ్చే రోజు వెళ్ళండి, డ్రాఫ్టులు దిద్దే రోజైతే ఆయన తలెత్తరు, మీకేమీ అర్థం కాదు.