కొత్త ఎస్ఎస్‌డీ వేశాక: క్లోన్ చెయ్యాలా, విండోస్ కొత్తగా వెయ్యాలా, లినక్స్‌కి పోవాలా?

పర్లాకిమిడిలో గానీ రాయగడలో గానీ లాప్‌టాప్ స్లో అయిందంటే షాపుల్లో చెప్పేది ఒకటే: ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) వేయించండి. మంచి సలహానే. పాత హార్డ్‌డిస్క్ తీసి అది పెడితే ఐదారేళ్ల మెషీన్ కూడా లేచి పరుగెడుతుంది. బిగించడం స్క్రూడ్రైవర్ పని. తేల్చుకోవాల్సింది ఆ ఖాళీ డిస్క్‌లోకి ఏం వెయ్యాలన్నదే.

చాలామందికి విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. కానీ ముందు క్లోన్ సంగతి, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానికి ఎక్కించడం గురించి చెబుతాను. అది నిజంగా అవసరమైనవాళ్లు మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో కొంచెం ఎక్కువే.

కార్డులు, కరపత్రాలు టైప్ చేసి డిజైన్ చేసే డీటీపీ షాపు చూడండి. ఒకే కంప్యూటర్‌లో తెలుగు పెళ్లికార్డుకి అను ఫాంట్లు, ఒడియా కరపత్రానికి ఆకృతి, పేజీలు కూర్చే ఎప్పటిదో పేజ్‌మేకర్, పక్కనే ఖాతాలు రాసే టాలీ. వాటి సీడీలు ఎక్కడున్నాయో, కీలు ఎవరి దగ్గరున్నాయో ఓనరుకే తెలీదు. అక్కడ ఫార్మాట్ కొడితే పెళ్లిళ్ల సీజన్ మొత్తం పోతుంది. క్లోనే చేయించాలి. డౌన్‌లోడ్ బాధ కూడా ఉండదు. విండోస్ 11 ఫైల్ 5 జీబీ దాటుతుంది, రోజుకి 2 జీబీ ప్యాక్‌తో కాశీపూర్ వైపు కొండల్లో కూర్చుని దించుకోవడం అయ్యే పని కాదు.

అయితే క్లోన్ కావాలంటే పాత డిస్క్ ఆరోగ్యంగా ఉండాలి. టిక్కుటిక్కుమంటున్న డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివిస్తే మధ్యలోనే ప్రాణం వదలొచ్చు. ముందు ఫైళ్లు, ఫొటోలు కాపీ చేసుకోండి. సైజు మరో చిక్కు. ఉచితంగా దొరికే క్లోన్ సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా కొత్త డిస్క్ పాతదాని అంత, లేదా అంతకన్నా పెద్దది ఉండాలంటుంది. 500 జీబీ డిస్క్‌లో నిండినది 100 జీబీయే అయినా 256 జీబీ ఎస్ఎస్‌డీకి నేరుగా ఎక్కించదు. ఇక డిస్క్ నంబరుకి ముడిపడిన సాఫ్ట్‌వేర్ ఉంటే క్లోన్ అయ్యాక కూడా మళ్లీ కీ అడగొచ్చు. డీటీపీ షాపు కానివాళ్లకి మాత్రం క్లోన్ అంటే ఇల్లు మారుతూ బొద్దింకల్ని కూడా మూటకట్టుకు పోవడమే. పాత వైరస్, పాత చెత్త అన్నీ వెంటే వస్తాయి.

కొత్తగా వెయ్యాలంటే అందరికీ ఒకటే టెన్షన్: "నా ఒరిజినల్ విండోస్ పోతుందా?" పోదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ వేసిచ్చే విండోస్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, డిస్క్ మార్చినా దానికేం కాదు. కాకపోతే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం) అదే ఉండాలి. హోమ్ లైసెన్స్ ఉన్న లాప్‌టాప్‌లో ప్రో వేస్తే యాక్టివేట్ అవ్వదు, అప్పుడు క్రాక్ కొడతారు. డబ్బు పోసి కొన్న లైసెన్స్ ఉండగా దొంగ విండోస్ వాడటం ఇలాగే మొదలవుతుంది. షాపులో ఇచ్చేముందే సెట్టింగ్స్‌లో ఎడిషన్ చూసుకుని, "హోమే వెయ్యండి, కీ అడిగితే లేదని కొట్టండి" అని గట్టిగా చెప్పండి.

ఇంట్లోనే వేసుకునేవాళ్లకి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్క్ ఎంచుకునే చోట లిస్టు ఖాళీగా కనబడుతుంది. ఎస్ఎస్‌డీ చెడిపోయిందని వెనక్కి పట్టుకెళ్లకండి. తయారీ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ని (డిస్క్‌ని విండోస్‌కి చూపించే చిన్న సాఫ్ట్‌వేర్) అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, లోడ్ డ్రైవర్ నొక్కితే కనబడుతుంది. వైఫై పట్టకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, ఫోన్ నెట్ లాప్‌టాప్‌కి వస్తుంది. పాత డిస్క్ కూడా లోపలే ఉంచుకునే ఉద్దేశమైతే ఇన్‌స్టాల్ అయ్యేదాకా దాన్ని ఊడదీయండి. లేదంటే బూట్ ఫైళ్లు (ఆన్ చెయ్యగానే విండోస్‌ని లేపేవి) పాత డిస్క్‌లోనే ఉండిపోవచ్చు, రేపు అది పోతే కొత్తది కూడా లేవదు. పాత డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. అది లేకపోతే మీ ఫైళ్లు మీరే తెరవలేరు.

విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ మాట ఇప్పుడు ఎందుకొచ్చిందంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (మెషీన్‌లో ఉండే సెక్యూరిటీ చిప్), ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ అడుగుతారు. అంతకన్నా పాత లాప్‌టాప్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ తనిఖీ దాటించి వేసేవాళ్లున్నారు గానీ, అలాంటి మెషీన్లకి అప్‌డేట్ల గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. పిల్లల చదువుకి, బ్రౌజింగ్‌కి అయితే లినక్స్‌లో ఒక రకమైన మింట్ హాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూశాకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ పెట్టుకోవచ్చు. అను, టాలీ మాత్రం నేరుగా నడవవు. వేలిముద్ర మెషీన్ పెట్టుకుని జన సేవా కేంద్రం నడిపేవాళ్లు అటు చూడకపోవడమే మంచిది.

గుణుపురం ఇంజినీరింగ్ పిల్లల్లా రెండూ కావాలనుకుంటే 512 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకుని ముందు విండోస్, తర్వాత మింట్ వేసుకోండి. వరస తిరగేస్తే విండోస్ తన బూట్ లోడర్‌నే ముందు పెట్టుకుంటుంది, మింట్ డిస్క్‌లో ఉన్నా ఆన్ చేసినప్పుడు కనబడదు.