డాలీ సాడ్స్ కొండ మీద పిట్టలతో మూడు పొద్దులు

వలస పిట్టల్ని వలల్లో పట్టి, కాలికి నంబరున్న రింగు వేసి వదిలేసే పని తెల్లవారకముందే మొదలవుతుందని తెలిసి కూడా మొదటి రాత్రి అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని డేవిస్ ఊళ్లో గది తీసుకున్నాం, నేనూ మా అక్కా. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. కానీ టిఫిన్ ఏడింటికి. డాలీ సాడ్స్ కొండ మీద, రింగులు వేసే స్టేషన్‌లో వలలు తెరిచేది సూర్యోదయానికి అరగంట ముందు, అంటే సెప్టెంబర్ మూడో వారంలో ఆరున్నర ప్రాంతంలో. ఖాళీ కడుపుతో బయల్దేరాం. కంకర రోడ్డు, దట్టమైన మంచు. మేం చేరేసరికి తొలి పిట్టలు వలలో పడిపోయాయి. ఆ రోజంతా నాకు అదే బాధ.

అందుకే మర్నాటికి రెడ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌కి మారాం. స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. ఉన్నవి పన్నెండు చోట్లే, ముందు వచ్చినవాళ్లకే ఇస్తారు. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. రాత్రి గాలి ఎముకలు కొరికేసింది. నీళ్లు, మందపాటి దుప్పట్లు వెంట తీసుకెళ్లాల్సిందే. అయినా ఈ పనికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే చోటు.

వెస్ట్ వర్జీనియాలో అలిగేనీ కొండ అంచున ఉన్న ఈ స్టేషన్ 1958 నుంచి వాలంటీర్ల చేతుల మీదే నడుస్తోంది. పర్మిట్ లేనివాళ్లు తమంతట తాము రింగు వేయకూడదు. మాకు సంచులు అందించడం, లెక్కలు రాయడం అప్పగించారు. చిన్న పనే అనుకున్నాను, చాలా టెన్షన్ పడ్డాను. రింగు మీద నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ పిట్ట వేరే పిట్ట అయిపోతుంది. అందుకే ప్రతి నంబరూ తిరిగి పైకి చదివించేవారు.

బ్లాక్‌పోల్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్టని ఒకదాన్ని పట్టుకుని, పొట్ట మీద ఈకలు విడిపోయేలా మెల్లగా ఊదారు. పల్చటి చర్మం కింద పసుపు పచ్చటి కొవ్వు! పన్నెండు గ్రాములుండే ఈ పిట్ట ఆ కొవ్వునే నమ్ముకుని అట్లాంటిక్ మీద రెండు మూడు రోజులు ఎక్కడా వాలకుండా ఎగురుతుంది. 2015లో వీపున చిన్న పరికరాలు కట్టి చూసి ఈ సంగతి ఖాయం చేశారు. ఆ పిట్ట బరువు రాస్తుంటే నా చెయ్యి వణికింది.

మూడో రోజు గాలి పెరిగింది. తొమ్మిదికల్లా వలలు మూసేశారు. పిట్టలకు దెబ్బ తగలకూడదు కదా, అది చూశాక ఆ మనుషుల మీద గౌరవం ఇంకా పెరిగింది. తర్వాత ఎర్రబారిన బ్లూబెర్రీ పొదల మధ్య నడిచాం. బాట దాటొద్దు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ ఫిరంగుల శిక్షణ జరిగింది, పేలని గుండ్లు ఇంకా ఉండొచ్చని బోర్డులు పెట్టారు.

వలలు మూయకముందు చివరి పిట్టని మా అక్క అరచేతిలో పెట్టారు. వెల్లకిలా రెండు క్షణాలు అలాగే ఉండిపోయింది. అక్క ఊపిరి బిగబట్టింది. అది ఒక్కసారిగా తిరగబడి స్ప్రూస్ చెట్లలోకి దూసుకుపోయింది. దాని రింగు నంబరు రాసింది నేనే.