గంజి గిన్నె, కాలిపోయిన పుస్తకాలు: టొరంటో తమిళుల మధ్య ఐదు రోజులు

మే 18వ తేదీన టొరంటోలో ఉండాలని ఏడాది ముందే అనుకున్నాను. 2009లో శ్రీలంక అంతర్యుద్ధం ముళ్ళివాయ్‌కాల్ తీరంలో ముగిసింది ఆ రోజునే. అక్కడ చనిపోయినవారిని తలచుకోవడానికి స్వదేశంలో ఎన్నో ఆటంకాలు ఎదుర్కొన్న ఈళం (శ్రీలంక) తమిళులు ఈ నగరంలో ఆ పనిని బాహాటంగా చేస్తున్నారు. అందుకే, ఒట్టావాలో మా పిన్ని కూతురిని చూసే ప్రయాణాన్ని 2025 మే నెలకు జరుపుకొని, ఆఖరి ఐదు రోజులు టొరంటోలో తూర్పు భాగమైన స్కార్బరోకు కేటాయించుకున్నాను.

ముందుగా బస సంగతి చెప్పాలి. విక్టోరియా డే సెలవు కలిసి రావడంతో ఆ వారాంతంలో గదుల అద్దెలు బాగా పెరిగాయి. నాకు ఒక ఇంటి బేస్‌మెంటులో గది దొరికింది. ప్రకటనలో విడి వంటగది ఉందన్నారు కానీ, వెళ్ళి చూస్తే ఉన్నది ఒక మైక్రోవేవ్ మాత్రమే. ఆ మాట అడిగితే జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ తేదీల్లో వెళ్ళేవారు చాలా ముందుగా గది తీసుకోవడం, పొయ్యి ఉందో లేదో ఫోటో పంపమని అడగడం మంచిది. అయినా డౌన్‌టౌన్‌కు వెళ్ళకుండా స్కార్బరోలోనే ఉండాలన్న నిర్ణయం సరైనదే. ఉదయం వీధిలోకి రాగానే తమిళ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. నాలుగు అడుగులు వేస్తే వేడి మటన్ రోల్, ఇడియాప్పం, దాని మీద పోసుకునే పలుచని కొబ్బరిపాల సొది దొరుకుతాయి.

ఆ వారంలోనే ఒక సామాజిక భవనం ముందు ముళ్ళివాయ్‌కాల్ కంజి పోస్తున్నారు. యుద్ధం చివరి రోజుల్లో, ఇసుక తిన్నెల మీద చిక్కుకుపోయిన జనానికి బియ్యం, నీళ్ళు, ఉంటే కాస్త ఉప్పు కలిపి కాచిన ఆ జావే ఆహారమైంది. ఇప్పుడు ఏటా మే నెలలో దాన్నే కాచి, దారిన పోయేవారందరికీ ఇస్తున్నారు. నా ముందున్న పిల్లవాడు పాలు పోయలేదేమని అడిగితే, అప్పుడూ పాలు లేవని వాళ్ళ నాన్న చెప్పాడు. గిన్నె అందించిన పెద్దావిడ నన్ను చూసి ‘కుడియుంగో, పిళ్ళై’ అంది. యాభై ఏళ్ళ నన్ను పిల్లా అని పిలిచి తాగమన్న ఆ యాళ్ప్పాణపు (జాఫ్నా) పలుకు ఇంకా చెవిలోనే ఉంది. మాది అనంతపురం. కరువు కాలపు గంజి కేంద్రాల గురించి మా నాయనమ్మ చెప్పిన కథలు వింటూ పెరిగాను కాబట్టి, ఆ చప్పిడి జావ ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

శుక్రవారం టొరంటో విశ్వవిద్యాలయపు స్కార్బరో ప్రాంగణానికి వెళ్ళాను. స్కార్బరో రైలు మార్గం 2023లో పట్టాలు తప్పిన ప్రమాదం తరువాత శాశ్వతంగా మూతపడింది కాబట్టి పాత గైడు పుస్తకాలను నమ్మకండి. కెనడీ స్టేషన్ నుంచి 905 ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే నేరుగా ప్రాంగణంలోనే దిగవచ్చు. ఇక్కడ తమిళ అధ్యయన పీఠం కోసం సమాజం విరాళాల ద్వారా 30 లక్షల డాలర్లు పోగుచేసింది. గ్రంథాలయంలో కూర్చుని, 2005లో మొదలైన, శ్రీలంక తమిళుల పుస్తకాలూ పత్రాలూ భద్రపరిచే ‘నూలకం’ డిజిటల్ గ్రంథాలయాన్ని తెరిచాను. ఏదో పల్లె బడి వార్షికోత్సవ సంచిక, పురుగు తిన్న అంచులతో, మార్జిన్‌లో ఎవరో పెన్సిలుతో వేసిన లెక్కతో సహా స్కానై కనిపించింది. ఇలాంటి కాగితాన్ని కూడా ఎందుకు దాస్తున్నారో తెలియాలంటే 1981 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే 31 రాత్రి మొదలైన దహనకాండలో యాళ్ప్పాణం గ్రంథాలయంలోని దాదాపు 97,000 పుస్తకాలు, తాళపత్రాలు కాలిపోయాయి. మన పిల్లలు కూడా విదేశాల్లో వారాంతపు తెలుగు బడులకు వెళ్తున్నారు. అది మంచి పనే కానీ, మనం భాషను మరపు నుంచి కాపాడుకుంటున్నాం, వీళ్ళు మంట నుంచి కాపాడుకుంటున్నారు. ఈ తేడా నాకు ఆ తెర ముందు కూర్చున్నప్పుడే అర్థమైంది.

ఆదివారం, 18వ తేదీన, అక్కడి కొత్త స్మారకాన్ని చూడటానికి, టొరంటోకు దగ్గరలోని బ్రాంప్టన్ నగరంలో ఉన్న చింగ్వాకూజీ పార్కుకు బయలుదేరాను. సబ్‌వేలో వాన్ మెట్రోపాలిటన్ సెంటర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి 501 జూమ్ బస్సులో బ్రామలీ టెర్మినల్‌లో దిగాలి. బస్సు, రైలు చార్జీలు చెల్లించే ప్రెస్టో కార్డు ఉంటే రెండు నగరాల రవాణా సంస్థలకూ కలిపి ఒకే చార్జీ పడుతుంది. ఇది మెచ్చుకోవలసిన సౌకర్యం. అయితే ఆదివారం బస్సులు తక్కువ కావడంతో నాకు రెండు గంటలకు పైగా పట్టింది. వయసు మళ్ళినవారు వెంట ఉంటే కారు మాట్లాడుకోవడమే మేలు.

ఆ పార్కులోని తమిళ మారణహోమ స్మారకాన్ని సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, మే 10న ఆవిష్కరించారు. 2009లో అదే తేదీన ఇక్కడి తమిళులు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వేను దిగ్బంధించి, యుద్ధం ఆపించమని కెనడా ప్రభుత్వాన్ని వేడుకున్నారు. ఈ స్మారకం ఆలోచన బలపడింది మాత్రం 2021 జనవరిలో, యాళ్ప్పాణం విశ్వవిద్యాలయంలోని స్మారకాన్ని రాత్రికి రాత్రి కూల్చివేసిన తరువాత. మారణహోమం అన్న మాటను శ్రీలంక ప్రభుత్వం ఒప్పుకోదు, ఈ నిర్మాణానికి గట్టిగా అభ్యంతరం చెప్పింది కూడా. కెనడా పార్లమెంటు మాత్రం 2022లో మే 18ని తమిళ మారణహోమ సంస్మరణ దినంగా ఏకగ్రీవంగా గుర్తించింది. చివరి నెలల్లో దాదాపు 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో తెలిపింది. ప్రభుత్వంతో పోరాడిన తమిళ పులులు (ఎల్‌టీటీఈ) పౌరుల్ని కవచంగా వాడుకున్నారన్న మాట కూడా ఆ నివేదికలోనే ఉంది, దాన్ని దాచనక్కరలేదు. మన దేశంలో ఈ ప్రస్తావన వస్తే 1991లో శ్రీపెరుంబుదూరులో పులులు చేసిన రాజీవ్ గాంధీ హత్య దగ్గర సంభాషణ ఆగిపోతుంది. ఆ దుఃఖం నిజమైనదే, కానీ ఆ ఇసుక మీద జావ తాగిన పిల్లలకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఆ పార్కులో చెరువు, గ్రీన్‌హౌస్, పిల్లలు జంతువుల్ని నిమిరే చోటు ఉన్నాయి. సెలవు రోజు కావడంతో ఐస్‌క్రీములు పట్టుకున్న కుటుంబాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. స్మారకాన్ని ఏ మూలనో కాక ఇంత సందడి మధ్య నిలపడం నాకు నచ్చింది. ఒక పంజాబీ పెద్దాయన మనవణ్ణి చెయ్యి పట్టుకుని ఆగి, ఇదేమిటని పక్కనున్న తమిళ యువతిని అడిగాడు. ఆమె తన ఫోను పక్కన పెట్టి, మొదటి నుంచీ చెప్పింది. నేను తిరుగు బస్సుకు బయలుదేరే సమయానికి ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఆయన టోపీ తీసి వింటున్నాడు.