ఆరేళ్ల ఎస్‌యూ-8: నా బాధంతా చల్లార్చడం గురించే

గాజు పలకల మీద ఎస్‌యూ-8తో, అంటే యూవీ వెలుగు పడినచోట గట్టిపడే పాలిమర్ పూతతో, ఆరేళ్లుగా వేవ్‌గైడ్లు (వెలుగు నడిచే సన్నని గీతలు) చేస్తున్నాను. పూత పోసిన పలకను ఎంత వేగంతో తిప్పితే పొర ఎంత మందం వస్తుందో సీసాతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. నా గోడు వేరు.

మొదటి ఏడాది ఒక రాత్రి, 50 మైక్రాన్ల కోర్ (వెలుగు నడిచే నడిమి భాగం) ఉన్న ఆప్టికల్ ఫైబరుకు సరిపోయేలా అంతే మందం పొర పూసి పన్నెండు గీతలు వేశాను. యూవీ పడింది, 95 డిగ్రీల దగ్గర కాల్చడమూ అయింది. ఆకలి దంచేస్తోంది. పలకను పట్టకారుతో ఎత్తి పక్కనున్న స్టీలు బల్ల మీద పెట్టేశాను. చూస్తుండగానే పసుపు దీపాల కింద చారల మచ్చ ఒకటి మూల నుంచి లోపలికి పాకింది. పొర లేచిపోతోంది! యూవీ పడని భాగాన్ని కరిగించే డెవలపర్‌లోంచి తీసేసరికి మలుపుల దగ్గరంతా నెర్రెలు. నాలుగు గీతలు పాము కుబుసంలా తేలాయి. చల్లారేటప్పుడు ఈ పాలిమర్ బోరోసిలికేట్ గాజు కంటే దాదాపు పదిహేను రెట్లు ముడుచుకుంటుంది. ఈ లెక్క పరీక్షలో రాసినవాణ్నే. ఆకలి ముందు గుర్తు రాలేదు.

పారేసే ముందు ఎందుకైనా మంచిదని ఆ పలకనే 150 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాను. 95 దగ్గర గట్టిపడటం పూర్తికాదు కాబట్టి పొర కాస్త మెత్తబడి, పైపై నెర్రెలు పూడుకున్నాయి. ఎర్ర లేజర్ పంపితే, అంతకుముందు మిణుగురుల్లా మెరిసిన మలుపులు చాలావరకు చీకటిగా ఉన్నాయి. మా పనిలో చీకటే శుభం, వెలుగు బయటికి కారడం లేదన్నమాట. లేచిపోయిన నాలుగూ మాత్రం దక్కలేదు. అప్పటి నుంచి హాట్‌ప్లేట్ ఆపేసి, పలకను దాని మీదే వదిలి ఇంటికి పోతాను.

దీనితో వేసిన గీతల పక్కగోడలు నిట్టనిలువుగా వస్తాయని కొత్తవాళ్లకు తెగ చెప్పేవాణ్ని. మా యూవీ యంత్రానికి 350 నానోమీటర్ల లోపు వెలుగును ఆపే ఫిల్టరు పెట్టాకే అది నిజమైంది. అంతకుముందు ఆ వెలుగును పైపొరే తాగేసి, గీతలు పుట్టగొడుగుల్లా తలలు విప్పేవి.

కరిగించి చేసే సూక్ష్మకటకాలకైతే దీన్ని ముట్టుకోను. పాజిటివ్ రెసిస్ట్ (దీనికి భిన్నంగా, వెలుగు పడినచోటే డెవలపర్‌లో కరిగిపోయే పూత) దిమ్మెలు వేడికి కరిగి తలతన్యతతో వాటంతటవే గుండ్రమవుతాయి; ఇది గట్టిపడ్డాక అలా కరగదు.

మళ్లీ కొంటానా? కొంటాను. నాకు రాత్రంతా ఆగే వీలుంది. సిలికాన్ మీద ఐదు మైక్రాన్ల పొర వేసేవారికి ఈ గోలే తెలియకపోవచ్చు. పలకలు కడిగి మళ్లీ వాడుకోవాలనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. పూర్తిగా కాలిన ఎస్‌యూ-8ను ఏ ద్రావకమూ సులువుగా వదిలించలేదు. అలాంటివి నా డ్రాయరులో ఇరవై దాకా ఉన్నాయి.