కడప నుంచి తలకోనకు సైకిల్ మీద: రాయచోటి దారి మేలా, రాజంపేట దారి మేలా?

కార్తీకం దగ్గర పడిందంటే చాలు, "అన్నా, తలకోనకు రాయచోటి మీద పోవాల్నా, రాజంపేట మీద పోవాల్నా?" అనే ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లంతా మ్యాపు చూసుకున్నవాళ్లే. అందుకే దూరాల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. రాయచోటి, పీలేరు, భాకరాపేట మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. రాజంపేట, కోడూరు, తిరుపతి మీదుగా పోతే 190 దాటుతుంది. మొదటిది శేషాచలానికి పడమటి దారి, రెండోది తూర్పు దారి. రెంటికీ నడుమ ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 1989లో ప్రకటించిన ఈ అడవి 353 చదరపు కిలోమీటర్లు. తలకోన అందులోదే.

కోడూరు దగ్గర అడవిలోకి దిగి అడ్డంగా తలకోన చేరొచ్చా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. కుదరదు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఎర్రచందనానికి పుట్టిల్లు ఈ కొండలు. బ్యాగులు కట్టిన సైకిల్‌తో లోపల కనబడితే ఎవరైనా అనుమానిస్తారు.

ఇక అసలు మాట. చాలామంది రాజంపేట దారి వైపు మొగ్గుతారు, అందుకు కారణమూ ఉంది. దారి దాదాపు చదును. ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూసుకోవచ్చు, నందలూరు సౌమ్యనాథుడి గుడిలో నీడన కూర్చోవచ్చు, రాజంపేట దగ్గర రోడ్డు పక్కనే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. కోడూరు చుట్టూ మామిడి, అరటి, బొప్పాయి తోటలు. కోడూరు దాటాక బాలుపల్లె నుంచి మామండూరు దాకా రెండు వైపులా అడవే. ఆ ముక్క నాకూ ఎంతో ఇష్టం. చలికాలం పొద్దున అక్కడ తొక్కుతుంటే ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. రాయచోటి దారిలో ఇంత వైభోగం లేదు. గువ్వలచెరువు దాటాక ఎక్కువ భాగం బోడి కొండలు, చెనక్కాయ చేలు, ఎండ.

అయినా నన్నడిగితే పోయేటప్పుడు రాయచోటి దారే మేలు. కారణం ఒక్కటే: ఎత్తు ఎక్కక తప్పదు, దాన్ని ఏ పూట ఎక్కుతామన్నది మన చేతిలో ఉంది.

కడప సముద్రమట్టానికి 138 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 160 చిల్లర. తలకోన వైపు భూమి అంతా వాటికి బాగా మీద ఉంటుంది. కాబట్టి ఎటు పోయినా ఒక ఘాట్ ఎక్కాల్సిందే. పడమటి దారిలో అది గువ్వలచెరువు ఘాట్. తెల్లవారుజామున కడపలో బయల్దేరితే గంటా గంటన్నరలో దాని అడుగుకు చేరతాం. కాళ్లలో సత్తువ ఉంటుంది, ఎండ ఇంకా కొండ మీదికి రాదు. ఘాట్ ముగిసిన తర్వాత కిందికి పెద్దగా దిగేది లేదు. రాయచోటే 300 మీటర్లకు పైన ఉంది. ఆ తర్వాత పీలేరు దాకా పల్లమూ మిట్టా ఉంటాయి కానీ పెద్ద ఎక్కుడు మళ్లీ రాదు.

తూర్పు దారిలో కథ తిరగబడుతుంది. తిరుపతి దాకా చదునుగా వచ్చి, చంద్రగిరి, రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ ఎక్కాలి. అప్పటికి కాళ్లు అలసి ఉంటాయి. తిరుపతిలో రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరితే ఈ ఇబ్బంది తీరుతుంది, నిజమే. కానీ తిరుపతిలో పడుకున్నవాళ్లు పొద్దున్నే బయల్దేరడం నేను పెద్దగా చూడలేదు. దర్శనమో, టిఫినో, ఊళ్లో ట్రాఫిక్కో, ఏదో ఒకటి తగులుతుంది. ఘాట్ అడుగుకు వచ్చేసరికి ఎండ ముదురుతుంది.

ఎండలో ఎక్కడం ఎందుకంత కష్టమో కొత్తవాళ్లకు తెలియాలి. చదును మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గాలికే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఎక్కేటప్పుడు వేగం ఏడెనిమిదికి పడిపోతుంది. గాలి తగలదు, చెమట ఆరదు, కారిపోతుంది. పని చూస్తే రెట్టింపు. పైగా కొండను తొలిచిన రోడ్డు కాబట్టి ఒక పక్క బండ సెగ కొడుతుంది. బట్టలు, నీళ్లు, పంపు, ట్యూబులు కట్టుకున్న సైకిల్‌కు ఇది మరీ ఎక్కువ. తల తిరిగేదీ, కాలి పిక్కలు పట్టేసేదీ ఇలాంటి చోటే. ఈ లెక్కన చూస్తే 40 కిలోమీటర్లు ఎక్కువా తక్కువా అన్నది చిన్న విషయం.

గువ్వలచెరువు ఘాట్‌కు ఉన్న పెద్ద లోపం లారీలు. కర్నూలు నుంచి చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఇదే, మలుపుల్లో ప్రమాదాలు జరిగిన చరిత్ర ఉన్న రోడ్డు. ఇందుకోసమైనా పొద్దున్నే పోవాలి. వెలుతురు వచ్చాకే ఘాట్ మొదలుపెట్టండి, చీకట్లో వద్దు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి. మలుపులో లారీ దిగుతుంటే ఎక్కడం ఆపి పక్కకు జరగండి. కాలు దించితే పరువు పోయేదేమీ లేదు. ఎక్కి గువ్వలచెరువులో ఆగితే పాలకోవా ఎలాగూ ఉంది. ఎక్కినవాళ్లకు అంతకన్నా మంచి తిండి లేదని నా నమ్మకం, కాస్త ఉప్పు కలిపిన మజ్జిగ కూడా దొరికితే ఇంకా మేలు. రాయచోటిలో కడుపు నిండా తినండి. తర్వాత సంబేపల్లె, కలకడ మీదుగా పీలేరు వచ్చేదాకా నీళ్ల సీసాలు ఖాళీ కానివ్వద్దు.

ఏ దారిన వచ్చినా భాకరాపేటలో కలుస్తాం. అక్కడినుంచి ఎర్రావారిపాళెం, నెరబైలు మీదుగా తలకోన సుమారు 20 కిలోమీటర్లు. ఈ ముక్కను వెలుతురు ఉండగానే ముగించాలి. ఈ అడవి అంచుల్లో ఏనుగులు తిరుగుతాయి, పొలాల్లోకి దిగుతాయి. పొద్దుగూకాక సైకిల్ మీద ఉండకూడని చోటు ఇది. ఘాట్‌ను మధ్యాహ్నానికి తోస్తే ఇక్కడికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అదీ నా భయం. ఒక్కరోజులో కాదనుకునేవాళ్లు పీలేరులో రూము తీసుకుని పొద్దున్నే తలకోన చేరండి. నాకైతే అదే నచ్చుతుంది. మంచు పూర్తిగా విడవకముందే చెట్ల కిందికి వస్తాం. టికెట్టు తీసుకుని, సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర సైకిల్‌కు తాళం వేసి, గిల్లతీగలు అల్లుకున్న చెట్ల నడుమ నడిచిపోతే జలపాతం. 270 అడుగులు. కింద నిలబడి తలెత్తి చూస్తే 150 కిలోమీటర్లు తొక్కిన ఒళ్లు నొప్పి గుర్తుకు రాదు.

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. వాయుగుండం హెచ్చరిక ఉంటే మాత్రం ఏ దారీ వద్దు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడిన సంగతి రాజంపేట వైపు ఎవరూ మరిచిపోలేదు. తూర్పు దారి నందలూరు దగ్గర ఆ ఏటినే దాటుతుంది.

మూడో దారి ఒకటుంది, రాజంపేట నుంచి సానిపాయ అడవి మీదుగా రాయచోటి వైపు ఎక్కేది. అందమైన దారే కానీ అంగళ్లు తక్కువ, ఒంటరిగా వద్దు. సైకిల్‌ను రైల్లో తిరుపతికి వేసుకుపోవడం వారం సెలవు లేనివాళ్లకు పనికొస్తుంది.

తిరుగు ప్రయాణానికి మాత్రం రాజంపేట దారికే నా ఓటు. భాకరాపేట ఘాట్ అప్పుడు దిగుడవుతుంది, మామండూరు అడవి నీడ వస్తుంది, ఆపైన ఇంటిదాకా చదును. చేతగాకపోతే రేణిగుంటలోనో కోడూరులోనో రైలెక్కొచ్చు. దిగేముందు ఒక్క పని చేయండి: ఘాట్ మొదట్లో ఆగి బ్రేకు రబ్బర్లు చూసుకోండి. బరువు కట్టిన సైకిల్‌కు ఒకే బ్రేకును అదిమిపట్టి దిగితే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. ముందుదీ వెనకదీ మార్చి మార్చి, వదిలి వదిలి పట్టండి.