మోదెనా సిటీ రాంబ్లర్స్: 1994 ఆల్బమా, 2005 ఆల్బమా?

ఇటలీలో ఫాసిజాన్ని ఎదిరించిన పార్టిజాన్ల (గెరిల్లా పోరాటయోధుల) పాట బెల్లా చావ్ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే. ఇటలీలోని మోదెనా ఊరి ఫోక్-రాక్ బృందం మోదెనా సిటీ రాంబ్లర్స్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి, మొదటి ఆల్బమ్ రిపోర్తాందో తుత్తో అ కాజా (1994)తోనా, పార్టిజాన్ల పాటలతో వచ్చిన అప్పుంతి పార్తిజాని (2005)తోనా? పోయిన ఆదివారం రెండూ వరసపెట్టి విన్నాను.

బెల్లా చావ్ రెండింట్లోనూ ఉంది కాబట్టి తేడా పట్టుకోవడం తేలిక. 1994లో పాడింది పూర్తిగా ఐరిష్ దారిలో, ఫిడేలూ టిన్ విజిలూ అకార్డియనూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంది, వింటుంటే కాలు నిలవదు. 2005 నాటి పాటలో బాల్కన్ సంగీతకారుడు గోరాన్ బ్రెగోవిచ్ చేరాడు, బాల్కన్ పెళ్ళి ఊరేగింపుల్లో మోగే బాకాలు దిగాయి. మనీ హైస్ట్ అనే స్పానిష్ సిరీస్ చూసి ఈ పాట వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి బహుశా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

నా మటుకు తేల్చేది వేరే ఉంది, పాటలో ఎవరి ఊరి గోడు వినిపిస్తోందన్నది. 2005 ఆల్బమ్ ఫాసిజం నుంచి ఇటలీ బయటపడి అరవై ఏళ్ళయిన సందర్భంలో చేసింది, అందులో చాలా పాటలు వేరేవాళ్ళవే. రచయిత ఇతాలో కాల్వినో రాసిన ఓల్త్రె ఇల్ పొంతె ఉంది, ఆష్‌విట్జ్ పాటకి దాన్ని రాసిన గాయకుడు గుచ్చీనీ స్వయంగా వచ్చి గొంతు కలిపాడు, ఆయనా మోదెనాలో పుట్టినవాడే. గొప్ప సంకలనం, కాదనను. కానీ 1994లో వీళ్ళు ఐర్లండ్ బాణీ అరువు తెచ్చుకుని తమ బాధే చెప్పుకున్నారు. క్వరాంతాన్ని అనే పాట ఉంది, ఆ పేరుకి అర్థం నలభై ఏళ్ళు, అందులో దేశాన్ని ఏలిన అధికారమే "నేను" అంటూ తన నేరాలన్నీ ఏకరువు పెడుతుంది, 1992లో కారు బాంబుకి బలైన జడ్జి బోర్సెల్లీనో పేరుతో సహా. ఇంకో పాట కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగుయెర్ అంత్యక్రియల మీద, 1984 జూన్‌లో రోమ్‌లో లక్షల మంది కదిలొచ్చిన రోజు అది. దశాబ్దాల పాటు ఎర్రజెండాకే ఓటేసిన, మోదెనా ఉన్న ఎమీలియా ప్రాంతంలో ఎన్ని ఇళ్ళలో సొంత మనిషి పోయినట్టు ఏడ్చి ఉంటారో, ఆ దుఃఖం ఈ పాటలో ఇంకా పచ్చిగానే ఉంది, నాకు గొంతు పట్టేస్తుంది.

మిగతావి చెప్పాలంటే, తెర్రా ఎ లిబెర్తా (1997) కొలంబియా నవలాకారుడు మార్కెజ్ ప్రభావంతో లాటిన్ అమెరికా వైపు వెళ్ళింది, తర్వాత వినొచ్చు. 2004 ఆల్బమ్‌లో ఇ చెంతో పాస్సి ఒక్కటి తప్పకుండా వినండి, రేడియోలో మాఫియాని కడిగేసినందుకు 1978లో హత్యకి గురైన పెప్పీనో ఇంపస్తాతో పాట అది. ఫోక్ తక్కువ, రాక్ ఎక్కువ కావాలంటే గ్యాంగ్ అనే ఇంకో ఇటాలియన్ బృందం ఉంది.

కాబట్టి ముందు 1994ది. అందులోనూ మొదట ఇన్ ఉన్ జోర్నో ది ప్యోజ్జా పెట్టుకోండి, వాన రోజున గ్లాసు పైకెత్తి ఐర్లండ్‌కి వీడ్కోలు చెప్పే పాట.